‘పగిలిపోయిందని చెప్పెయ్’: పాట ముగిశాక వినకూడని సలహాలు

ఆన్‌లైన్ వేలంలో సరుకు పెట్టి, పాట ముగిశాక ధర చూసి గుండె జారిపోయిన అమ్మకందారుకు సలహా చెప్పేవాళ్ళ కొదవ లేదు. నాణేలు, స్టాంపులు, పాత నోట్లు, గ్రామఫోన్ రికార్డులు, బైండు చేయించిన చందమామలు... ఏ గ్రూపులోనైనా చూడండి. ‘ఎనిమిది వేలు వస్తుందనుకున్నా, మూడు వేల రెండొందలకే పోయింది, ఇప్పుడేం చెయ్యాలి?’ అని ఒకరు అడగడం ఆలస్యం, చిట్కాలు వరస కడతాయి. పగిలిందని చెప్పమంటారు. పోస్టులో పోయిందనమంటారు. ఇంట్లో ఒప్పుకోవడం లేదనమంటారు. ‘పాడినవాడికి ఇచ్చెయ్యండి’ అనేవాళ్ళు మాత్రం అరుదు.

ఈ చిట్కాలు ఎంతగా చెలామణి అయ్యాయంటే, కొత్తగా సేకరణ మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఇవే ఈ రంగంలో పద్ధతి కాబోలు అనుకుంటున్నారు. అందుకే నేను విన్నవి విన్నట్టు రాసి, ఏది ఎందుకు తప్పో చెప్పదలుచుకున్నాను.

ముందు మన దగ్గర వేలం ఎలా నడుస్తుందో చెప్పాలి. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే మన దేశంలో అడుగుపెట్టింది. 2018 ఆగస్టు 14న ఈబే ఇండియా సైటు మూతపడింది. ఇప్పుడు పెద్ద లాట్లు ముంబై, బెంగళూరు, అహ్మదాబాద్ వేలం సంస్థల సైట్లలో పాటకు వస్తాయి. చిన్న సేకర్తలు వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లోనే అమ్ముకుంటున్నారు. అమ్మేవాడు రెండు వైపులా ఫోటోలు పెడతాడు, బేస్ ధర చెబుతాడు, ఆదివారం రాత్రి 9 గంటలకు క్లోజ్ అంటాడు. కింద పాట సాగుతుంది. టైము దాటేసరికి పై అంకె ఎవరిదైతే సరుకు వాళ్ళది. ఇక్కడ ఫిర్యాదు విభాగం లేదు, రీఫండ్ గ్యారంటీ లేదు. గ్రూపు అడ్మిన్ ఒకడుంటాడు, ఆపైన ఉన్నదల్లా మాటే. ఇలాంటిచోట మాట తప్పమని నేర్పే చిట్కా ఎంత చిన్నదైనా చేసే చేటు పెద్దది.

‘పగిలిందని చెప్పు, పోయిందని చెప్పు’

అన్నిటికంటే ఎక్కువగా చెప్పే సలహా ఇదే. ఆ మధ్య నాకు తెలిసిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు.

‘మాస్టారూ, ఆ హైదరాబాద్ రూపాయి చాలా తక్కువకి పోయింది. పోస్టులో పోయిందని చెప్పెయ్యమంటున్నారు మావాళ్ళు.’

‘పోస్టు చేశావా?’

‘ఇంకా లేదు.’

‘మరి ఎక్కడ పోయింది నాయనా?’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడే స్పీడ్ పోస్టులో పంపించాడు. తక్కువకు పోయిందన్న బాధ వాడికి ఉండే ఉంటుంది. కానీ కొన్నవాడు తర్వాత వాడి దగ్గరే మరో రెండు లాట్లు పాడాడు.

ఈ అబద్ధం చెప్పమనేవాళ్ళకు సేకరించే వస్తువు స్వభావమే తెలియదు. షాపులో స్టీలు గిన్నెలాగా ఒకటి పోతే ఇంకొకటి అన్నట్టు ఉండదు ఇది. నిజాం రూపాయినే తీసుకోండి. 11 గ్రాముల పైచిలుకు బరువు, ముఖం మీద చార్మినార్. ఆ చార్మినార్ ద్వారంలోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక అరబీ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే ‘ఐన్’. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ సగమే ఉంటుంది, తర్వాతి వాటిలో పూర్తిగా కనిపిస్తుంది. సేకర్త కన్ను ముందు అక్కడికే పోతుంది. అక్కణ్ణుంచి అంచు మీదికి, మీనార్ పక్కనున్న సన్నని గీత మీదికి, ఎప్పుడో షరాబు వేసిన గాటు మీదికి, ఎవరో మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేసిన మచ్చ మీదికి వెళుతుంది. ఆ ఫోటో అతను ఫోనులో దాచుకున్నాడు, వారం రోజులుగా పెద్దది చేసి చూసుకుంటున్నాడు. మీరు ‘పోయింది’ అన్న నాణెం నాలుగు నెలల తర్వాత వేరే గ్రూపులో, వేరే పేరుతో కనిపిస్తే గుర్తుపట్టడానికి అతనికి క్షణం చాలు.

స్టాంపు సంగతీ అంతే. 1931 నాటి హైదరాబాద్ స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర పడిన కోణం మరో స్టాంపు మీద అచ్చం అలాగే ఉండదు. నోటుకు సీరియల్ నంబరు ఉండనే ఉంది. పాత చందమామ లోపలి పేజీలో ఎవరో పిల్లాడు సిరాతో రాసుకున్న పేరుంటుంది, అద్దె లైబ్రరీ రబ్బరు ముద్ర ఉంటుంది. ప్రతి వస్తువుకూ దాని పుట్టుమచ్చలు దానికున్నాయి. పగిలిందని, పోయిందని చెప్పిన వస్తువు ఎప్పటికీ మళ్ళీ బయటికి రాకూడదు. డబ్బు కోసం చెప్పిన అబద్ధం ఆ వస్తువును మీ ఇంట్లోనే బందీ చేసి పెడుతుంది.

ఇందులోనే ఇంకో రకం ఉంది: తప్పు సర్కారు మీదికి నెట్టడం. ‘రిజర్వు బ్యాంకు పాత నోట్ల అమ్మకానికి ఒప్పుకోవడం లేదట, ఏదో ఫీజు కట్టమంటున్నారట, అందుకే ఆపేశాను’ అని చెప్పమంటారు. తాము పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల జోలికి పోమని, అలాంటి లావాదేవీలకు ఫీజులు, కమీషన్లు అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మోసగాళ్ళు జనాన్ని బోల్తా కొట్టించడానికి వాడుతున్న ఆ బ్యాంకు పేరునే మీరూ సాకుగా వాడితే, కొనేవాడు మిమ్మల్ని ఎవరి జాబితాలో వేసుకుంటాడో ఆలోచించండి.

ఈబే లాంటి విదేశీ సైట్లలో అమ్మేవాళ్ళకు ఇచ్చే సలహా మరీ దారుణం. రద్దు చేసేటప్పుడు ‘కొనుగోలుదారే వద్దన్నాడు’ అనే కారణం ఎంచుకోమంటారు. ఎందుకంటే సరుకు లేదని, పాడైందని చెబితే ఆ రద్దు అమ్మకందారు ఖాతాలో లోపంగా పడుతుంది. అలాంటి లోపాలు 2 శాతం దాటితే అతని స్థాయి దిగజారిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి నింద అవతలివాడి మీద వేయమన్నమాట. డబ్బు చేత పట్టుకుని ఎదురుచూస్తున్నవాడినే మాట తప్పినవాడిగా రాయించడం ఇది. ఇంతకన్నా అన్యాయమైన సలహా ఈ రంగంలో నేను వినలేదు.

‘ధర పెరగడం లేదు, టైముండగానే ఆపెయ్’

ఇది వినడానికి జాగ్రత్తలా ఉంటుంది కనుక చాలామంది పడిపోతారు. ఐదు రోజుల వేలం, నాలుగో రోజు రాత్రికి కూడా ధర బేస్ దగ్గరే ఉంది. ‘కారుచౌకగా పోతుంది, తీసెయ్’ అంటాడు మిత్రుడు.

ఆన్‌లైన్ పాట గుడి దగ్గర పాటలా మెట్టు మెట్టుగా పెరగదు. అనుభవమున్నవాళ్ళు చివరి నిమిషంలోనే, ఒక్కోసారి చివరి సెకన్లలోనే పాడతారు. ముందే పాడితే పోటీదారుకు తమ ఆసక్తి తెలిసిపోతుందని వాళ్ళ భయం. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఈ విషయం మీద పేరున్న పరిశోధన పత్రం ప్రచురించారు. ఈబేలో గడియారం కొట్టగానే వేలం ముగుస్తుంది. అప్పట్లో అమెజాన్ నడిపిన వేలంలో చివర్లో ఎవరైనా పాడితే గడువు పెరిగేది. చివరి నిమిషపు పాటలు ఈబేలోనే చాలా ఎక్కువని వాళ్ళు చూపించారు. అంటే నాలుగో రోజు రాత్రి కనిపించే అంకె మీ వస్తువు విలువ కాదు. ఆ అంకె చూసి బెదిరి తీసేసినవాడు, కొనేవాళ్ళు రాకముందే కొట్టు కట్టేసుకున్నవాడవుతాడు.

మనవైపు గ్రూపులు నడిపేవాళ్ళకు ఇక్కడే ఒక మాట. చివరి ఐదు నిమిషాల్లో కొత్త పాట వస్తే గడువు ఇంకో ఐదు నిమిషాలు పొడిగించే నియమం పెట్టండి. అమ్మేవాడి బెదురు సగం తగ్గుతుంది.

బెదిరి ఆపేసినవాళ్ళకు చట్టం ఏం చెప్పిందో జర్మనీలో చూడాలి. ఒకాయన తన ఫోక్స్‌వాగన్ పసాట్ కారును ఈబేలో 1 యూరో కనీస ధరకు పెట్టాడు. ఒక కొనుగోలుదారు 555 యూరోల 55 సెంట్ల వరకు వెళ్ళేలా పాట పెట్టాడు. కొన్ని గంటలకే యజమాని వేలం ఆపేశాడు, బయట 4,200 యూరోలిచ్చేవాడు దొరికాడని. అప్పటికి పోటీకి మరొకరు లేరు కాబట్టి కారు ధర 1 యూరో దగ్గరే ఉంది. కొనుగోలుదారు కోర్టుకెళ్ళి, కారు విలువలోంచి ఆ ఒక్క యూరో తీసేసి 5,249 యూరోల నష్టపరిహారం అడిగాడు. 2014 నవంబరు 12న ఆ దేశపు అత్యున్నత సివిల్ కోర్టు అతని పక్షానే తీర్పు చెప్పింది. అంత తక్కువ కనీస ధర పెట్టుకున్నదీ, దానివల్ల వచ్చే ప్రమాదం నెత్తికెత్తుకున్నదీ అమ్మకందారే అన్నది కోర్టు తర్కం. 

అదే కోర్టు 2011లో మరో కేసులో అమ్మకందారును సమర్థించింది. వేలానికి పెట్టిన డిజిటల్ కెమెరా నిజంగానే దొంగతనానికి గురైంది, అందుకే ఆపాడు. తేడా ఎక్కడుందో చూశారుగా. ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వబుద్ధి కాకపోవడం వేరు.

‘మనవాడి చేత ఒక పాట పాడించు’

వెనక్కి తగ్గడానికి ఇది దొడ్డిదారి. ధర తక్కువగా ఉంటే స్నేహితుడు పైపాట పాడతాడు; ఎవరూ పెంచకపోతే సరుకు అతనికే ‘అమ్ముడుపోయి’ ఇంటికొచ్చేస్తుంది. ఎవరికీ చెప్పి వెనక్కి తీసుకోనక్కర్లేదు కదా అంటారు.

మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ వేలం గురించే. అమ్మకందారు తానూ పాడతానని ముందే బాహాటంగా చెప్పకపోతే, తాను పాడటం గానీ మరొకరి చేత పాడించడం గానీ చట్టవిరుద్ధం. అలా జరిగిన అమ్మకాన్ని కొనుగోలుదారు మోసంగా పరిగణించవచ్చు. ధర పెంచడానికి దొంగపాటలు పాడిస్తే అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా అతనికుంది. 1930 నుంచీ ఉన్న నియమం ఇది. ఫోనులో వేలం వేస్తున్నాం కాబట్టి మనకు వర్తించదని అనుకోవడానికి వీల్లేదు.

జర్మనీ కోర్టు దగ్గర దీనికీ తీర్పుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు యజమాని ఒకాయన రెండో ఖాతా పెట్టుకుని, అసలు కొనుగోలుదారు ప్రతి పాట మీదా తానే పై పాట పాడుకుంటూ 17,000 యూరోల దాకా తీసుకెళ్ళాడు. 2016లో కోర్టు ఆ దొంగపాటలన్నిటినీ తీసి పక్కన పెట్టింది. మిగిలింది యూరోన్నర. ఆ ధరకు కారు ఇవ్వాల్సిందేనని, ఇవ్వనందుకు 16,500 యూరోలు చెల్లించాలని తేల్చింది.

అమెరికాలో 2000 మే నెలలో ఒక పెయింటింగ్ ఈబేలో 1,35,805 డాలర్లు పలికింది. దాని మీదున్న పొడి అక్షరాలు చూసి అది పేరున్న చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ వేసిందని జనం నమ్మారు. అమ్మినవాడు తన సరుకు మీద తానే పాడాడని బయటపడగానే ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. అతను, అతని మిత్రులు ఒకరి సరుకు మీద ఒకరు పాడుకుంటున్నారని తర్వాత తేలింది. అమ్మినవాడు లాయరు, చివరకు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వృత్తి కూడా పోయింది.

‘బయట ఎక్కువిచ్చేవాడికి ఇచ్చెయ్, కాగితం మీద సంతకం లేదుగా’

పాట ముగిసిన గంటకే విడిగా ఒక మెసేజ్ వస్తుంది: ‘అన్నా, ఆలస్యంగా చూశాను, దానికి ఇంకో రెండు వేలు ఎక్కువిస్తాను, నాకిచ్చెయ్.’ ఈ మెసేజ్ పెట్టినవాడు పాటలో పాడనివాడు. పోటీలో నిలబడకుండా, పోటీ అయ్యాక సరుకు పట్టుకుపోవాలని చూసేవాడు. అతన్ని మంచి కొనుగోలుదారుగా చూపించి, ‘వ్యాపారంలో ఇవన్నీ మామూలే’ అని సలహా ఇచ్చే పెద్దల మీద నాకు కోపం. ఇవాళ మీ కోసం ఒకరిని దాటేసినవాడు రేపు ఇంకొకరి కోసం మిమ్మల్ని దాటేస్తాడు.

ఆస్ట్రేలియాలో 2007లో ఇలాంటి కేసే న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. వస్తువు చిన్నదేమీ కాదు, పాతకాలపు విర్రవే యుద్ధవిమానం. అలాంటి విమానాలను సేకరించేవాళ్ళు ప్రాణం పెట్టి వెతుక్కుంటారు. యజమాని దాన్ని ఈబేలో 1,50,000 ఆస్ట్రేలియన్ డాలర్ల రిజర్వు ధరతో వేలానికి పెట్టాడు. ఒకాయన గడువు ముగిసే ముందు సరిగ్గా ఆ ధర పాడాడు. యజమాని మాత్రం విమానం ఇవ్వనన్నాడు. అప్పటికే మరొకరికి లక్ష డాలర్లు ఎక్కువకు ఇస్తానని ఒప్పుకున్నాడు. ఈబేలో పెట్టినంత మాత్రాన కట్టుబడే ఒప్పందం కుదిరినట్టు కాదని కోర్టులో వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. రిజర్వు ధర నువ్వే పెట్టావు, ఆ ధర వచ్చింది, గడువు ముగిసింది, కాబట్టి ఒప్పందం కుదిరినట్టే అంది. పరిహారంతో సరిపెట్టకుండా ఆ విమానాన్నే పాడినవాడికి అప్పగించమంది. అలాంటి విమానం మరొకటి కావాలంటే బజారులో దొరకదు కాబట్టి.

మన చట్టమూ ఆ దారినే ఉంది. 64వ సెక్షన్ ప్రకారం సుత్తి పడటంతో గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ పాట ముగిసిందని ప్రకటించగానే అమ్మకం పూర్తవుతుంది. అప్పటిదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత తీసుకోలేడు, అమ్మినవాడూ తప్పుకోలేడు. సరుకు ఇవ్వకపోతే 57వ సెక్షన్ కింద నష్టపరిహారం కోరవచ్చు. ఫలానా వస్తువే కావాలనుకుంటే, ఆ వస్తువునే ఇప్పించమని కోర్టు ఆదేశించే వీలు 58వ సెక్షన్‌లో ఉంది. ఇక సంతకం మాట. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది.

‘మూడు వేల నాణెం కోసం ఎవడు కోర్టుకెళతాడు?’ అంటారు. నిజమే, ఎవరూ వెళ్ళరు. ఈ సలహాల ధీమా అంతా అక్కడే ఉంది. అవతలివాడు ఏమీ చెయ్యలేడు కాబట్టి మనం ఏమైనా చెయ్యొచ్చన్నదే వీటన్నిటి సారం. నేను వీటిని తప్పనడానికి మొదటి కారణం ఇదే, చట్టం ఆ తర్వాతి మాట.

అందరి ఎదుటా జరిగే పాట సంగతి చూడండి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. ఏ ఏడైనా పాట ముగిశాక ‘ఇంకొకాయన ఎక్కువిస్తానంటున్నాడు, లడ్డూ మీకివ్వం’ అని కమిటీ అంటే జనం ఊరుకుంటారా? వెయ్యిమంది ఎదుట పాడితే మాట, ఫోనులో పాడితే మాట కాదు అని మనకు ఎవరు చెప్పారు?

‘సెంటిమెంట్ అను, ఎవరూ తిట్టరు’

తాతగారి జ్ఞాపకమనో, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుందనో చెప్పమని సలహా. అది నిజమైనప్పుడు నాకూ బాధగానే ఉంటుంది. తాత పెట్టెలో దొరికిన స్టాంపుల ఆల్బం అమ్మకానికి పెట్టాక ఇంట్లో గొడవలైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఆ గొడవ వేలానికి ముందు జరగాలి. ఇంట్లో అందరినీ అడిగాకే ఫోటో తీయాలి.

మనసు మార్చుకోవడానికి అంతకంటే పెద్ద కారణం చెప్పినా పాట ఆగని సందర్భం ఒకటుంది. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఆంటికోరమ్ అనే వేలం సంస్థ గాంధీజీ కళ్ళజోడు, జేబు గడియారం, చెప్పులు, గిన్నె, పళ్ళెం వేలానికి పెట్టింది. యజమాని జేమ్స్ ఓటిస్ అనే అమెరికన్ సేకర్త. మన దేశంలో అలజడి రేగింది, ఢిల్లీ హైకోర్టు ఆపమంటూ ఉత్తర్వు ఇచ్చింది. పాట మొదలయ్యే ముందు ఓటిస్ కూడా అమ్మనని ప్రకటించాడు. అయినా సంస్థ వేలం నడిపింది, విజయ్ మాల్యా తరఫున 18 లక్షల డాలర్లకు పాట ఖాయమైంది. వస్తువును వేలానికి అప్పగించాక దాని మీద మీ ఒక్కరి ఇష్టమే చెల్లదు. మధ్యలో వేలం సంస్థ ఉంది, పాడటానికి వచ్చినవాళ్ళున్నారు.

వెనక్కి తగ్గి తీరాల్సిన సందర్భాలు కొన్ని నిజంగానే ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఈ సలహాదారులు నోరెత్తరు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప మరెవరికీ లేదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ళు జైలు. మహబూబ్ అలీ ఖాన్ రూపాయిని విదేశీయుడు పాడుకుంటే మీరు పంపకూడదు. అసలు ముందే ‘భారతదేశంలోనే’ అని రాసి పెట్టాల్సింది. ఇలాంటివి వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కూడా కావాలి. పొలం దున్నుతుంటే బయటపడిన లంకెబిందె నాణేలైతే, వాటి విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అలాంటివి తెలిసో తెలియకో వేలానికి వస్తే వెంటనే తీసెయ్యాలి. 2025 మేలో హాంకాంగ్‌లో సోథెబీస్ వేలానికి వచ్చిన పిప్రహ్వా బౌద్ధ రత్నాలను మన ప్రభుత్వం నోటీసు ఇవ్వగానే ఆపారు. ఆ జులైలో అవి దేశానికి తిరిగొచ్చాయి. అక్కడ ఆపడమే ధర్మం.

నిజమైన కారణం ఉన్నప్పుడు చెప్పే తీరు కూడా వేరుగా ఉంటుంది. వారం నాన్చకుండా అదే రోజు చెబుతారు. ఉన్నది ఉన్నట్టు చెబుతారు. వచ్చిన డబ్బు అడగకముందే తిరిగి పంపుతారు. గ్రూపులో అందరికీ కనబడేలా రాస్తారు, రెండో స్థానంలో పాడినవాడికీ తెలిసేలా.

కొన్నవాడికి అందే చెడ్డ సలహాలు

ఇవి క్లుప్తంగా. అమ్మకందారు అడ్రసు, ఫోను నంబరు పది గ్రూపుల్లో పెట్టమంటారు. వద్దు, అది మరో తప్పు. మెసేజ్‌లు, ఫోటోలు, పాట ముగిసిన టైము స్క్రీన్‌షాట్లు తీసి అడ్మిన్‌కు ఇవ్వండి, చాలు. ‘ఇంకో ఐదొందలు ఇస్తాను, ఇచ్చెయ్’ అని బతిమాలమంటారు. అదీ వద్దు, మాట తప్పినందుకు బహుమానం ఇచ్చినట్టవుతుంది. సైటు బయట డబ్బు పంపితే తొందరగా పంపుతాడని చెప్పేవాళ్ళనైతే అసలు దగ్గరికి రానివ్వకండి. సైటు ఇచ్చే రక్షణ ఆ క్షణంలోనే పోతుంది.

ఎవరికి నష్టం

‘వాడి డబ్బు వాడికిచ్చేశాం కదా, నష్టమేముంది?’ అనే మాట చాలాసార్లు విన్నాను. నష్టం ఉంది. మీ లాటు కోసం అతను అదే రాత్రి మరో రెండు లాట్లు వదులుకున్నాడు, జేబులో ఉన్నది అంతే కాబట్టి. అవి వేరేవాళ్ళకు పోయాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు. రెండో స్థానంలో పాడినవాడు ‘మూడు వేల రెండొందలకు పోయింది’ అని పుస్తకంలో రాసుకున్నాడు. రేపు తన దగ్గరున్న అలాంటి నాణేనికి అదే ధర పెడతాడు. మీరు ఇవ్వలేదని అతనికి తెలియదు. దొంగపాటతో ఆరు వేలకు ‘పోయినట్టు’ చూపిన నాణెమైతే ఇంకా చేటు: కొత్తగా వచ్చినవాడు అదే సిసలు ధరనుకుని మరొకరి దగ్గర ఆరు వేలు పోసి కొంటాడు. సగం ఐన్ రూపాయి ఎంత, పూర్తి ఐన్ రూపాయి ఎంత అన్నది మనలాంటివాళ్ళకు తెలిసేది నిలబడిన అమ్మకాల వల్లే. కేటలాగు చెప్పే ధర ఎప్పుడూ పాతదే, పాట చెప్పే ధరే ఇవాళ్టిది. ఆ పాటలో అబద్ధం కలిస్తే సేకర్తలందరికీ దారి తప్పుతుంది.

తక్కువకు పోతుందన్న భయం అబద్ధం కాదు, దాన్ని నేను తీసిపారేయను. ఆ భయానికి మందు వేలానికి ముందే ఉంది. ఇంతకంటే తక్కువకు ఇవ్వలేను అనే అంకె మీ మనసులో ఉంటే అదే రిజర్వు ధరగా బాహాటంగా పెట్టండి. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది, కొనేవాళ్ళూ తప్పు పట్టరు. అసలు పాటే ఇష్టం లేకపోతే స్థిరమైన ధర రాసి అమ్మండి. అమ్మబుద్ధి కాకపోతే ఆల్బంలోనే ఉంచుకోండి, ఎవరూ అడగరు. బేస్ ఒక్క రూపాయి అని పెట్టి, పదిమందిని రప్పించి, చివర్లో నాలుక మడతేయడం మాత్రం వద్దు.

గ్రూపులు నడిపే అడ్మిన్‌లకు నా విన్నపం: రిజర్వు ధర ముందే రాయని లాటును పాటకు అనుమతించకండి. వెనక్కి తగ్గినవాడు చెప్పిన కారణాన్ని గ్రూపులోనే అతని చేత రాయించండి. ‘పగిలింది’ అంటే పగిలిన ముక్కల ఫోటో అడగండి. ఈ ఆదివారం పాట ముగిసిన లాటు మీదైతే, సోమవారం పోస్టాఫీసు తెరిచేసరికి కవరు మీద కొన్నవాడి అడ్రసు రాసి ఉంచుకోండి.